యువ సిబ్బంది నిలవడం లేదంటే ముందు చూసుకోవలసింది మన ఒప్పందాన్ని

హనుమకొండలో ట్రాక్టర్లకూ ద్విచక్ర వాహనాలకూ సర్వీసు కేంద్రం నడుపుతున్న ఒక యజమాని తన ఇబ్బందిని వివరంగా రాశారు. ఆయన దగ్గర 22 మంది పనిచేస్తున్నారు. వారిలో 14 మంది పాతికేళ్ల లోపువారే. పని కాస్త చేతికి వచ్చేసరికి మానేస్తున్నారని, మానేసే సంగతి కూడా ఎదురుగా వచ్చి చెప్పకుండా జీతం పడిన మర్నాడు వాట్సాప్‌లో "సార్, రేపటి నుంచి రాను" అని ఒక్క ముక్క పంపి ఊరుకుంటున్నారని, ఫోను చేతిలోంచి దిగదని, పెద్ద మేస్త్రి ఏది చెప్పినా "ఎందుకు?" అని ఎదురు ప్రశ్న వేస్తున్నారని ఆయన బాధ. తన తండ్రిగారి కాలంలో చేరినవారు ఇరవై ఏళ్లు ఉండిపోయారని, ఇప్పటివారికి ఆ విశ్వాసం లేదని అంటూ, చివరికి రెండు ప్రశ్నలు అడిగారు: వీళ్లను నిలబెట్టుకోవడం ఎట్లా? సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని బాండు రాయించుకుంటే తప్పేమిటి?

వరంగల్, కరీంనగర్, ఆదిలాబాదు ఉమ్మడి జిల్లాల్లోని జిన్నింగు మిల్లుల్లో, వర్క్‌షాపుల్లో సిబ్బంది వ్యవహారాలు చూడడంలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఇప్పుడు చిన్న సంస్థలకు ఈ విషయంలో సలహాలు ఇస్తున్నాను. ఈ ప్రశ్న నాకు చాలాచోట్ల ఎదురవుతున్నది కనుక కొంచెం విస్తరంగానే సమాధానం చెబుతాను.

మీ నాన్నగారి కాలంలో పనివాళ్లు ఉండిపోయింది వట్టి విశ్వాసంతో కాదు. అప్పుడు యజమానికీ పనివాడికీ మధ్య రాయని ఒప్పందం ఒకటి ఉండేది. జీతం తక్కువైనా బిడ్డ పెళ్లికి సేటు అడ్వాన్సు ఇచ్చేవారు, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో తెలిసిన డాక్టరుకు చెప్పి చూపించేవారు, దసరాకు బట్టలు పెట్టేవారు, కొడుకు పెద్దవాడైతే వాడికీ అక్కడే పని దొరికేది. ఆ భరోసాకు బదులుగానే పనివాడు ఏళ్లతరబడి కదలకుండా ఉండేవాడు. ఈనాడు మనలో చాలామంది యజమానులం ఆ ఒప్పందంలో మనకు రావలసిన సగాన్ని అట్లాగే కోరుతున్నాం, మనం ఇవ్వవలసిన సగాన్ని మాత్రం ఎప్పుడో వదిలేశాం. దీన్ని తప్పుపట్టడానికి అనడం లేదు. ఖర్చులు పెరిగాయి, పోటీ పెరిగింది, పాత పద్ధతి నడవదు. అయితే అది నడవనప్పుడు దాని స్థానంలో కొత్తది ఒకటి రావాలి, అది నోటిమాటగా కాక కాగితం మీద ఉండాలి. మీరు చెప్పిన చిక్కుల్లో చాలావరకు ఆ కాగితం లేకపోవడం వల్ల పుట్టినవే.

ఈ తరం నోటిమాటను ఎందుకు నమ్మదో తెలియాలంటే వాళ్లు పెరిగిన ఇళ్లను చూడాలి. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టి, తర్వాత మూతపడింది. ములుగు వైపు కమలాపురంలోని కలప గుజ్జు కర్మాగారం 2014లో ఉత్పత్తి ఆపేసింది. అదే ఏడాది ఆగిపోయిన కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ పేపర్ మిల్లు యాజమాన్యం మారి 2018లో తిరిగి తెరుచుకునేదాకా ఆ ఊరు ఎట్లా బతికిందో చూసినవారికి తెలుసు. ఈరోజు మీ షెడ్డులో స్పానర్ పట్టుకున్న ఇరవై రెండేళ్ల పిల్లవాడు 2014లో పదేళ్లవాడు. ఇరవై ఏళ్లు ఒకేచోట పనిచేసిన తండ్రికి, మేనమామకు ఏం మిగిలిందో వాడు ఇంట్లో కళ్లారా చూశాడు. "నువ్వు ఉండు, నీకు నేను చూసుకుంటా" అనే మాటకు వాడి దగ్గర విలువ లేకపోవడంలో ఆశ్చర్యమేముంది?

దీనికి సర్కారు కొలువుల నిరీక్షణ కూడా తోడైంది. తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరు 16న జరిగి, ప్రశ్నపత్రాల లీకు కారణంగా 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షనూ హైకోర్టు సెప్టెంబరులో రద్దు చేసింది. కొత్త నోటిఫికేషన్‌తో 2024 జూన్ 9న మూడోసారి జరిగింది. మీ దగ్గర పనిచేసే పిల్లలు గ్రూప్-1 రాసేవారు కాకపోవచ్చు. కాని ఆ ఇంట్లో అన్నో అక్కో రాసి ఉంటారు, వీరు కానిస్టేబులుకో రైల్వేకో దరఖాస్తు పెట్టి ఉంటారు. ఎదురుచూపుల్లో ఏళ్లు పోగొట్టుకున్నవారిని చూసిన పిల్లలు కనుక ఆరు నెలల తర్వాత సంగతి చెబితే వినరు, ఈ నెల ఏమిటన్నదే అడుగుతారు. దాన్ని తొందరపాటుగా తీసుకోకండి, వాళ్ల అనుభవం నేర్పిన జాగ్రత్త అది.

ఇక మీరు చెప్పిన వాట్సాప్ రాజీనామాల సంగతి. ఇది మీ ఒక్కరి సమస్య కాదు. కారణం అడిగితే చాలామంది యజమానులు సంస్కారలోపం అంటారు. నేను ఎక్కడికి వెళ్లినా ముందు అడిగే ప్రశ్న ఒకటే: మానేస్తానని నెల ముందు చెప్పినవాడికి మీరు ఏం చేశారు? చాలాచోట్ల వచ్చే జవాబు ఒకే తీరుగా ఉంటుంది. ఆ నెల జీతం ఆపారు, లేదా రెండు నెలలు తిప్పించుకుని సగం ఇచ్చారు, లేదా ఆరోజే పొమ్మన్నారు. మిగిలిన పదిమంది దాన్ని చూశారు. ముందుగా చెబితే జీతం పోతుంది, చెప్పకుండా జీతం పడిన మర్నాడు పోతే పైసా పోదు. ఈ లెక్క నేర్పింది మనమే. దీనికి విరుగుడు ఏ ఉపన్యాసంలోనూ లేదు. పదిహేను రోజులో నెలో ముందు చెప్పి, చేతిలో పని అప్పగించి వెళ్లినవాడికి బాకీ అంతా వెంటనే ముట్టజెప్పండి. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగి రాజీనామా చేసినా, మీరే తీసేసినా రెండు పనిదినాల్లోగా అతనికి రావలసిన వేతనం చెల్లించాలి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా పడాలి. చట్టం ఉన్నందుకు కాకపోయినా, మీ షెడ్డు ప్రశాంతంగా నడవడం కోసమైనా దీన్ని పాటించండి. ఇద్దరు ముగ్గురు అట్లా మర్యాదగా వెళ్లడం చూశాక నాలుగోవాడు మీ గదికి వచ్చి ఎదురుగా నిలబడి చెబుతాడు.

సర్టిఫికెట్లు పెట్టుకోవడం మాత్రం వద్దే వద్దు. ఒరిజినల్ పదో తరగతి మెమో, ఐటీఐ సర్టిఫికెట్ ఆ పిల్లవాడి సొత్తు. వాటిని బిగబట్టుకునే హక్కు యజమానికి లేదు, పోలీసు స్టేషన్‌దాకా వెళితే మీరే ఇబ్బంది పడతారు. బాండు సంగతి వేరు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకముందే వెళ్లిన అధికారి రెండు లక్షలు కట్టాలన్న షరతును సమర్థించిన మాట నిజమే. అయితే అది బహిరంగ నియామక ప్రక్రియలో పెద్ద జీతానికి చేరిన బ్యాంకు అధికారి విషయం. దాన్ని చూపించి హెల్పరుగా చేరిన కుర్రవాడి దగ్గర యాభై వేల బాండు రాయించుకుంటే నిలవదు. నష్టపరిహారం ఏదైనా సమంజసంగా ఉండాలని కాంట్రాక్టు చట్టం చెబుతున్నది. మీరు సొంత ఖర్చుతో కంపెనీ శిక్షణకు పంపి, ఆ రసీదులు దగ్గర ఉంటే, ఆ ఖర్చుమేరకు, తగిన గడువుకు ఒప్పందం రాసుకోవచ్చు. అంతకు మించిన బాండు భయపెట్టడానికే పనికొస్తుంది, భయంతో ఉన్నవాడు మీ కస్టమరు బండిని శ్రద్ధగా చూడడు.

అసలు చిక్కు షెడ్డులోపల ఉంది. మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది పెద్ద మేస్త్రి విషయం. నేను చూసిన ఒక వర్క్‌షాపులో జరిగింది చెబుతాను. ట్రాక్టరు ఇంజను హెడ్డు దించి గాస్కెట్టు మార్చి తిరిగి బిగిస్తున్నారు. మేస్త్రికి ముప్పై ఏళ్ల అనుభవం. బోల్టు ఎంత బిగిసిందో చేతికే తెలుస్తుంది, ఆయన పట్టు తప్పదు. పక్కన డీజిల్ మెకానిక్ ట్రేడులో ఐటీఐ చేసిన కుర్రవాడు నిలబడి, "మధ్య బోల్టుల నుంచి బయటికి, విడతలు విడతలుగా బిగించాలి కదా సార్, టార్క్ రెంచి ఎందుకు వాడడం లేదు?" అన్నాడు. బోల్టు ఎంత బిగువుగా ఉందో కొలిచి బిగించే పనిముట్టే టార్క్ రెంచి. అడిగినదాంట్లో తప్పు లేదు. అట్లా బిగించకపోతే హెడ్డు సమంగా కూర్చోదు, గాస్కెట్టు పాడైపోతుంది. మేస్త్రికి అది పదిమందిలో తన పనిని వేలెత్తి చూపినట్టు అనిపించింది. స్పానర్ లాక్కుని, తల్లిని మాటల్లోకి లాగి తిట్టి, డీజిల్‌లో పార్టులు కడగమని పంపారు. ఆ పిల్లవాడు నెల తిరగకుండానే మానేశాడు. యజమానికి అందిన కబురు "వాడికి పొగరు ఎక్కువ" అని.

ఇక్కడ ఇద్దరిలో ఎవరినీ తక్కువ చేయలేం. మేస్త్రి పని నేర్చుకున్న రోజుల్లో ప్రశ్న అడిగే వీలు లేదు, ఏళ్లకేళ్లు చూసి, తిట్లు తిని నేర్చుకున్నారు, ఆ కష్టమే తనకు గౌరవం తెచ్చిందని నమ్ముతారు. కుర్రవాడు కారణం తెలిస్తేనే పని తలకెక్కుతుందన్న పద్ధతిలో చదువుకున్నాడు, సందేహం వస్తే ఫోనులో వీడియో చూసి తీర్చుకోవడం అలవాటు. ఇద్దరి మధ్యా వంతెన వేయవలసిన బాధ్యత మీది. మేస్త్రిని ఒక్కరినే పిలిచి, "నేర్పడం కూడా మీ పనిలో భాగమే, దానికి వేరుగా ఇస్తాను" అని చెప్పి నిజంగానే వేరుగా ఇవ్వండి. తన కింద ఒక కుర్రవాడు క్లచ్ పని సొంతంగా చేయగలిగిన రోజున మేస్త్రికి కొంత మొత్తం ముట్టాలి. పని నేర్పితే తన అవసరం తీరిపోతుందన్న భయం ఆయన మనసులో ఉంటుంది, పైకి చెప్పరు. ఆ భయం పోతేనే స్పానర్ చేయి మారుతుంది. తిట్ల విషయంలో మాత్రం మెత్తబడకండి. కస్టమరు ముందు మందలించడం, ఇంట్లో ఆడవాళ్ల మీదికి పోయే మాటలు ఎంత పెద్ద మేస్త్రి అయినా కుదరదని ఒకసారి అందరి ముందూ చెప్పి దాని మీద నిలబడండి.

నేర్పడానికి ఒక క్రమం రాసి గోడకు అంటించండి. మొదటి మూడు నెలల్లో వాటర్ సర్వీసు, ఆయిలు, ఫిల్టర్లు, గ్రీజు. ఆ తర్వాత బ్రేకులు, క్లచ్. ఏడాదికి హైడ్రాలిక్స్, వైరింగు. ఆ పైన ఇంజను పని. ఏ మెట్టుకు ఏ జీతమో పక్కనే ఉండాలి, ఆ మెట్టు ఎక్కినట్టు ఎవరు చూసి చెబుతారో కూడా ఉండాలి. జాబ్ కార్డు మీద పనిచేసినవాడి పేరు రాయించండి. ఈ చిన్న మార్పుతో రెండు లాభాలున్నాయి. బండి తిరిగి ఫిర్యాదుతో వస్తే ఎవరిని అడగాలో మీకు తెలుస్తుంది, నేను ఎన్ని బండ్లు చేశానో వాడికీ లెక్క తెలుస్తుంది. జీతం పెంచమని వచ్చినప్పుడు మాట ఆ కార్డుల మీద నడుస్తుంది, మొహమాటం మీద కాదు.

హైదరాబాదులో నాలుగు వేలు ఎక్కువ ఇస్తామంటే వెళ్లిపోతున్నారని కూడా రాశారు. వెళ్లేవారిని డబ్బుతో ఆపగలననుకోవద్దు, అంత ఇచ్చే శక్తి మనకు లేదు. అయితే అక్కడి హాస్టలు కిరాయి, తిండి, ప్రతి పండుగకూ ఊరికి రానుపోను ఖర్చు తీస్తే ఆ నాలుగు వేల్లో మిగిలేది తక్కువని పిల్లలకూ తెలుసు. అయినా వెళుతున్నారంటే అక్కడ నియామక పత్రం ఇస్తారు, పీఎఫ్ ఖాతా తెరుస్తారు, ఆదివారం ఆదివారంగా ఉంటుంది. ఇవి మీరూ ఇవ్వగలిగినవే, ఇవ్వవలసినవే. ఇరవై మందికి పైగా ఉన్న సంస్థ కనుక పీఎఫ్ మీకు వర్తిస్తుంది, పదిమంది దాటినందున ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్ఐ కూడా. 21,000 రూపాయల లోపు జీతానికి ఈఎస్ఐలో మీ వాటా 3.25 శాతం, వారిది 0.75 శాతం. పిల్లవాడి తల్లిదండ్రులకూ దాంట్లో వైద్యం దొరికే వీలుందని చేరిన రోజునే కూర్చోబెట్టి వివరించండి. చాలాచోట్ల కోత మాత్రమే కనిపిస్తుంది, దాని ఫలితం ఎవరూ చెప్పరు. నియామక పత్రం ఇవ్వడం కొత్త కార్మిక కోడ్‌లతో తప్పనిసరి అయింది కూడా. ఒక్క పేజీ చాలు, తెలుగులో ఉండాలి: జీతం ఎంత, ఏ తేదీకి, పనివేళలు, ఓవర్‌టైముకు ఎంత, వారానికి ఏ రోజు సెలవు, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి.

సెలవుల దగ్గర మన ప్రాంతపు సంగతులు వేరు. బతుకమ్మ, దసరా అందరికీ కావాలి. ఐనవోలు మల్లన్న జాతర సంక్రాంతికి ఉండనే ఉంది. రెండేళ్లకోసారి మేడారం వస్తే ఆ నాలుగు రోజులు ఎవరు ఆగమన్నా ఆగరు, ఆగమనడం న్యాయమూ కాదు. 2024లో ఫిబ్రవరి 21 నుంచి, 2026లో జనవరి 28 నుంచి జాతర జరిగింది. ఈ తేదీలు ఎంతో ముందే తెలుస్తాయి. రెండు నెలల ముందు బోర్డు మీద తేదీలు రాసి, ఎవరు ఏ రోజు వెళతారో వాళ్లలో వాళ్లనే తేల్చుకోమనండి. మొక్కు ఉన్నవారు ముందు, లేనివారు తర్వాత అని వారే సర్దుకుంటారు. చెప్పకుండా నాగా పెట్టేది అడిగితే ఇవ్వరని ముందే తేల్చుకున్నవాళ్లే. పరీక్షల విషయంలోనూ ఇదే పద్ధతి. హాల్‌టికెట్ చూపిస్తే పరీక్షకు ముందు రెండు రోజులు సెలవు ఇస్తానని ప్రకటించండి. దాచిపెట్టి చదివేవాడు ఒకరోజు హఠాత్తుగా మాయమవుతాడు, చెప్పి చదివేవాడు ఉద్యోగం వస్తే తన బదులు మనిషిని చూపించి వెళతాడు.

స్పేర్ పార్టుల కౌంటరులో, బిల్లింగులో అమ్మాయిలు ఉన్నారని రాశారు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేకపోవడంతో పరకాల, నర్సంపేట, వర్ధన్నపేటల నుంచి రోజూ వచ్చి పనిచేసేవారు ఎక్కువయ్యారు. వారి పని ముగిసే వేళ బస్సు వేళను బట్టి ఉండాలి. ఏడున్నరకు ఒక కస్టమరు వచ్చాడని కూర్చోబెట్టి, ఆ పిల్ల చీకట్లో బస్టాండులో నిలబడవలసి వస్తే మరుసటి నెల ఇంట్లోవాళ్లు పంపరు. మీరు దాన్ని పనిమీద శ్రద్ధ లేకపోవడంగా లెక్కేస్తారు.

ఫోను గురించి క్లుప్తంగా చెబుతాను. పూర్తిగా నిషేధిస్తే నిలవదు. పార్టు ఫొటో కౌంటరుకు పంపాలన్నా, కస్టమరుకు అరిగిన క్లచ్ ప్లేటు చూపించాలన్నా మనమే ఫోను తీయమంటాం. ఇంజను నడుస్తున్నప్పుడు, జాకీ మీద బండి ఉన్నప్పుడు, రోడ్డు మీద ట్రయలు చూస్తున్నప్పుడు ఫోను ముట్టకూడదన్నది ప్రాణానికి సంబంధించిన నియమం. అది మేస్త్రికీ మీకూ కూడా వర్తించాలి. మిగతా వేళల్లో పని గడువుకు పూర్తయిందా లేదా అన్నదే చూడండి. కస్టమరు బండి వేసుకుని తిరగడం, దాని మీద రీల్సు తీయడం, తాగి రావడం, పార్టులు బయటికి పోవడం లాంటివాటిలో మాత్రం మెతకదనం పనికిరాదు. రాతలో హెచ్చరిక ఇచ్చి, వాడి మాట విని, మళ్లీ జరిగితే తీసేయండి. తీసేసినప్పుడు కూడా లెక్క పూర్తిగా కట్టి పంపండి. కఠినంగా ఉండే యజమానిని ఈ పిల్లలు భరిస్తారు. ఈరోజు ఒకరికి ఒక న్యాయం, రేపు ఇంకొకరికి ఇంకో న్యాయం చేసే యజమానిని భరించరు. అన్న కొడుకో బామ్మర్దో ఆలస్యంగా వస్తే నవ్వి ఊరుకునే చోట ఏ నియమమూ బతకదు.

ఇంత చేసినా అందరూ ఉండరు. రెండేళ్లో మూడేళ్లో ఉంటే బాగా ఉన్నట్టే అనుకుని ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురు కొత్తవారిని ఐటీఐ నుంచి అప్రెంటిస్‌లుగా తీసుకోండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ముప్పై మంది కన్నా తక్కువ ఉన్న మీలాంటి సంస్థకు అది ఐచ్ఛికమే, కాని తీసుకుంటే కేంద్రం స్టైపెండులో కొంత భాగాన్ని భరించే పథకం ఉంది. మీ దగ్గర పని నేర్చుకున్నవారిలో ఎక్కువమంది చివరికి ములుగులోనో భూపాలపల్లిలోనో సొంత షెడ్డు వేసుకుంటారు. వాళ్లను పోటీదారులుగా చూడకండి. ఒక బేరింగు, ఒక సీలు కావాలన్నా వారు ఏ కౌంటరుకు ఫోను చేస్తారన్నది మీ దగ్గర నుంచి ఎట్లా వెళ్లారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి మానేసినవాడి పీఎఫ్ ఖాతాలో నిష్క్రమణ తేదీ అదే నెలలో నమోదు చేయించండి, ఏ ఏ పనులు వచ్చో రాసి అనుభవ పత్రం ఇవ్వండి. ఇప్పటికే వెళ్లిపోయినవారిలో ఎవరికైనా జీతం బాకీ ఉంటే, ఎవరి సర్టిఫికెట్టయినా మీ బీరువాలో ఉంటే, కొత్త నియామకాలకు ముందు వాటిని తేల్చేయండి. మీ షెడ్డు గురించి ఊళ్లలో పిల్లలు ఏమనుకుంటున్నారో అక్కడి నుంచే మారడం మొదలవుతుంది.